మామను గోడకెక్కించిన మంచం

ఏడాదికొకపారి ఎవరో ఒకరు ఈ ముచ్చట అడుగుతరు. చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది. అయినా వినుండ్రి. బిడ్డను చూడొచ్చిన మామను పట్టపగలు గోడకు అతికించిన అల్లుడు వికారాబాద్‌ల ఒక్కడే ఉన్నడు. వాడు నేనే.

అప్పటికి నైజాం రాజ్యం పోయి నాలుగైదేండ్లయింది. నేను రైలు వంతెనలు బాగుచేసే ముఠాకు మేస్త్రీని. పని ఏడుంటె ఆడికి మా కాపురమున్న రైలు డబ్బాను ఇంజన్ గుంజుకపోతుండె. కొన్నాళ్లు తాండూరు, కొన్నాళ్లు వికారాబాద్ టేషన్ పక్కపట్టాల మీద. డబ్బాల ఒక దిక్కు పొయ్యి, ఇంకో దిక్కు పడకగది. గది అనుడు నా గొప్పకే. పెండ్లిల మామ పెట్టిన టేకు మంచం అండ్ల పడ్డంక మనిషికి జాగ లేదు.

నా భార్య సత్తెమ్మ ముఠా ఆడోళ్లందరికి రైకలు కుడుతుండె. మిషన్ మంచం మీద పెట్టి, వంగి వంగి కుట్టంగ నడుము పట్టేసింది. ఆ సంగతి తాండూరుల మామ చెవిన పడ్డది. శుక్రారం వస్త, బిడ్డ మిషన్‌కు జాగ లేకుంటె తోలుకపోత, క్వార్టర్ దొరికినంకనే పంపుత అని కబురు పెట్టిండు. కొత్త కాపురం. ఆమె పోతే నేను ఆ డబ్బాల పిచ్చోన్నయిత. ఆమెకు గూడ పోబుద్ధి లేదు.

మంచం బయట పడేద్దామంటె మామ పెట్టినదాయె. దాన్ని వానల నిలబెడితె మామను నిలబెట్టినట్టే. అందుకని మస్తు తెలివి చేసిన. గోడవైపు పట్టెకు మడత బందులు బిగించి, ఇవతలి పట్టెకు తాడు కట్టి, డబ్బా కప్పుకు బిగించిన గిలక మీది నుంచి తీసి, ఆ కొసకు తాండూరు బండలు వేలాడదీసిన. గుంజి ఇద్దరం కూసుంటె మంచం కిందనే ఉంటది. లేస్తె దానంతటదే పోయి గోడకు నిలబడతది. ఆ జాగల మిషన్.

"నేనొక్కదాన్నే కూసుంటె పైకి లేస్తున్నది. కింద కొక్కెం పెట్టు" అన్నది సత్తెమ్మ.

పగలు మంచమెక్కే తీరిక నీకేడిదని ఆమె నోరు మూయించిన. ఆలి మాట విన్నోడు, అడవిల పడ్డోడు ఒక్కటే అంటరు. విననోడు ఏడ పడతడో ఎవరూ చెప్పలే, నేను చెప్త.

శుక్రారం మామ వచ్చిండు. బక్కపలచటి మనిషి, గాలొస్తె పట్టుకోవాలె. మిషన్ జాగ చూసి ముఖం విప్పారింది. మిషన్ పొయ్యి దిక్కు జరిపి, మంచం గుంజి కూసోబెట్టిన. అల్లుడు మామ సరసన కూసునుడు మర్యాద కాదు. కూసోకుంటె మామ పైకి పోతడు. సిగ్గిడిసి పక్కనే కూసున్న. మామ ఒకపారి అదోలా చూసిండు. మంచినీళ్లడిగితె గూడ నేను లేవలే, సత్తెమ్మకు చెప్పిన. ఇంత బలుపు అల్లుడని తెల్వకపాయె అనుకున్నడేమో.

అయినా పెద్దమనిషి, మింగుకున్నడు. "జాగ మంచిగనే చేసినవ్. ఇగ బిడ్డను..." అంటున్నడు. అప్పుడే బయట నుంచి "మేస్త్రీ" అని పిలుపు. ఇంజనీరు దొర. దొర పిలిస్తె కూసొని పలికినోడు మా ముఠాల లేడు. నా నడుము నన్నడగకనే లేచింది. సలాం కొట్టిన.

వెనుక గిలక కిర్రుమన్నది. తిరిగి చూస్తె మంచం గోడకున్నది. దానికీ గోడకూ నడుమ సందుల నుంచి రెండు పాదాలు పైకి కనబడుతున్నయి.

"ఎవరది?" అన్నడు దొర.

"మా మామ, దొరా."

"ఆడేం చేస్తున్నడు?"

"మమ్ముల చూడొచ్చిండు."

దొర వచ్చిన పని చెప్పకనే పోయిండు. నేను, సత్తెమ్మ వేలాడబడి మంచం దించినం. మామ తలరుమాలు సర్దుకున్నడు. ఇగ సామాన్లు సర్దు బిడ్డా అంటడనుకున్న. సత్తెమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. ఏడుపో నవ్వో ఇప్పటికీ చెప్పదు.

"గోడకెందుకు కట్టినవ్ అల్లుడా?" అన్నడు మామ.

"మీరు పెట్టిన మంచం. బయట పడేస్తె మీకు తక్కువైతదని."

మామ నన్ను చూసి పెద్ద నిట్టూర్పు విడిచిండు. "నా ఇంట్ల నేనే బొంత మీద పండుత. పొద్దుగాల చుట్టి మూలకు పెడత. బిడ్డ ఈడనే ఉంటది. నీ చేతిల పెట్టరానిది మంచమే."

సాయంత్రం బండిల సామాన్ల డబ్బాకెక్కించి మంచాన్ని తోలుకపోయిండు. సత్తెమ్మ గదంత పరుచుకొని రైకలు కుట్టింది. నేను కటిక చెక్కల మీద బొంత పరుచుకున్న, నడుము పట్టేసుడు నా వంతయింది.

అప్పుడే ఒట్టు పెట్టుకున్న. పెద్దమనిషి పక్కన ఒకపారి కూసున్నంక, దొర కాదు గదా, దొర తాత వచ్చి పిలిచినా లేవ.