మెయిన్ ఆపిన చెయ్యి

మొగల్తూరులో సాయంత్రం రొయ్యల రైతుల సంఘం ఆఫీసు మూసేశాక సంఘం వెబ్‌సైటు కూడా మూతపడేది. ఊళ్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. కొట్టు కట్టేశాక సరుకు దొరకదు కదా, ఇదీ అంతే అనుకున్నారు. సైటులో ఉన్న సరుకంతా ఆఫీసు గదిలో, గోడవారనున్న ఒక్క కంప్యూటర్లోనే ఉండేది. "మనది మన దగ్గరే ఉండాలి. ఎక్కడో ఉన్నోళ్ల చేతిలో పెట్టడమేంటి?" అని సంఘం అధ్యక్షుడు వీరాస్వామి గారు మొదట్లోనే తేల్చేశారు.

ఆ కంప్యూటరును చూసుకునేది నాగదుర్గ. చేపల వేటకెళ్లే ఇంట పుట్టిన పిల్ల. తండ్రి భీమరాజు వల మానేసి చెరువు కౌలుకు తీసుకున్నాక డిగ్రీ దాకా చదివింది. సంఘంలో చేరాక తనకు తోచిన పని ఒకటి మొదలుపెట్టింది. ఎవరి చెరువులో రొయ్య ఊపిరాడకో జబ్బు చేసో పైకి తేలినా ఆ రైతుకు ఫోన్ చేసి, ఏం జరిగింది, ఏం మందు కొట్టారు, చివరికి నిలిచిందా పోయిందా అని అడిగి, ఫోటోతో సహా డేటాబేస్‌లోకి ఎక్కించేది. మన రైతు లాభం వచ్చిన కథ అడక్కుండానే చెబుతాడు. నష్టపోయిన కథ మాత్రం కాళ్లు పట్టుకున్నా చెప్పడు. అందుకని ఆమె మొట్టమొదట తండ్రి కథే రాసింది. పెద్దాపురం మరిడమ్మ జాతరకు వెళ్లొచ్చేసరికి చెరువంతా చచ్చి తేలిన కథ. భీమరాజంతటివాడే చెప్పుకున్నాడని తెలిశాక మిగిలినవాళ్లు నోరు విప్పారు. ఇప్పుడు భీమరాజు లేడు. ఆ కథ ఆ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదని నాగదుర్గ నమ్మకం.

మనిషి మహా జాగ్రత్త. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు కంప్యూటర్ మూసి, ఇన్వర్టర్ ఆపి, మెయిన్ స్విచ్ దించి, గుమ్మం దాటాక మళ్లీ వెనక్కొచ్చి చూసుకునేది. మనిషి లేని చోట కరెంటు ఉండకూడదన్నది చిన్నప్పుడు తండ్రి నేర్పిన పాఠం.

ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. నాగదుర్గ అప్పుడే కొత్త కథ ఎక్కిస్తోంది. టప్పున కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకోవాలి, అందుకోలేదు. వెళ్లి చూస్తే రెండు వైర్లు వేలాడుతున్నాయి, బ్యాటరీ లేదు.

పొద్దున్నే, ఆమె రాకముందే, వీరాస్వామి గారు పట్టుకెళ్లారు. చెరువు దగ్గర జనరేటర్ బ్యాటరీ దిగిపోయి స్టార్టవలేదట.

"రొయ్య తేలుతోందమ్మా, ఏం చెయ్యమంటావు?" అన్నారాయన సాయంత్రం వచ్చి, గుమ్మంలోనే నిలబడి. "నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే గంటలో చెరువంతా పోద్ది. కంప్యూటరుకి ఊపిరాడకపోడం ఉండదు కదా అనుకున్నాను."

ఊపిరాడలేదు మరి. కరెంటు వచ్చాక కంప్యూటర్ లేచింది గాని డేటాబేస్ తెరుచుకోలేదు. రాస్తుండగా మధ్యలో తెగిపోవడంతో లోపల ఏదో చెదిరింది. నాగదుర్గ రాజమండ్రిలో ఉన్న కిరణ్‌కు ఫోన్ చేసింది. సైటు కట్టిపెట్టినవాడు అతనే.

"కంగారు పడకండి మేడం. రోజూ అర్ధరాత్రి దానంతటదే నకలు తీసుకునేలా పెట్టాను కదండి. నిన్నటిది ఎక్కించేద్దాం," అంటూ అక్కణ్నుంచే కంప్యూటర్లోకి దూరాడు. ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచాడు. తర్వాత గొంతు మారింది. "ఫోల్డర్‌లో ఏమీ లేదండి. నేను పరీక్షకి తీసిన ఖాళీ నకలు ఒక్కటే ఉంది. రాత్రిళ్లు కంప్యూటర్ ఆన్‌లోనే ఉంచుతున్నారా మేడం?"

నాగదుర్గ గోడ మీది మెయిన్ స్విచ్ వంక చూసింది. ఆపకండని అతను మొదట్లో చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

"ఉంచుతాం... ఒక్కోసారి కరెంటు పోతూంటుంది," అంది.

కిరణ్ మరి రెట్టించలేదు. పాడైన డేటాబేస్‌ను బలవంతంగా తెరిచే పద్ధతి ఒకటుంది, దానికి పూనుకున్నాడు. ముక్క ముక్కగా బయటికి లాగాడు. రైతుల పేర్లు వచ్చాయి, శీర్షికలు వచ్చాయి, ఫోటోలు వచ్చాయి. అసలు కథలున్న భాగం మాత్రం పనికిరాకుండా పోయింది. తండ్రి ఫోటో కింద ‘జాతర నాటి చెరువు’ అన్న శీర్షిక, దాని కింద ఖాళీ. నాగదుర్గ ఆ పేజీ మూసి మళ్లీ తెరిచి చూసింది.

సంఘం మీటింగులో అందరూ వీరాస్వామి గారి మీద పడ్డారు. ఇన్నేళ్ల కష్టం ఒక్క బ్యాటరీతో గోదాట్లో కలిపేశారన్నారు. అధ్యక్షుడు మారాలన్నారు. ఎప్పుడూ నలుగురి నోళ్లూ మూయించే పెద్దమనిషి ఆ రోజు తల దించుకుని కూర్చున్నాడు. నకలు ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. అడగని దానికి నేనెందుకు చెప్పాలని నాగదుర్గ ఊరుకుంది. ఊరుకున్నందుకు సిగ్గుపడింది కూడా.

మర్నాడు పాపాయి వచ్చింది. సముద్రం పక్కన చిన్న చెరువు చేసుకునే ముసలామె, చదువు రాదు. "రాసింది నాకేం తెలుత్తదే, నోటితో చెప్పు," అని మొదట్లో ఆమె గొడవపెట్టబట్టే నాగదుర్గ ప్రతి కథా పైకి చదివి వాట్సాప్ గ్రూపులో పెట్టేది. అందరూ ఒకసారి విని, ఫోన్ నిండగానే చెరిపేశారు. నాగదుర్గ కూడా చెరిపేసింది, డేటాబేస్‌లో ఉందిగా అని.

"నా ఫోను నిండిపోయిందని మనవడు కేకలేత్తన్నాడు గాని, చెరపడం నాకు రాదమ్మా," అంటూ పాపాయి ప్లాస్టిక్ కవర్లోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "మీ పోయినయన్నీ ఇందులో ఉన్నాయేమో చూసుకో."

ఉన్నాయి. మధ్యలో కొన్ని దొరకలేదు గాని చాలా భాగం ఉన్నాయి. నాగదుర్గ అన్నిటికన్నా పాతది, జాతర కథ, వెతికి నొక్కింది. తన గొంతే పలికింది. "...ఆ రాత్రి కరెంటు పోవడంతో ఏరియేటర్లు ఆగిపోయి, తెల్లారేసరికి..."

రికార్డింగులో ఆమె గొంతు వెనకనుంచి నులకమంచం కిర్రుమంది. ఒక దగ్గు. ఆ తర్వాత భీమరాజు గొంతు.

"కరెంటెక్కడ పోయిందమ్మా? మనిషి లేకుండా మిషను తిరక్కూడదని నేనే ఆపించి జాతరకెళ్లాను. అది రాయవేంటి? నువ్విలా చదివితే నా తప్పే ఇంకోడు చేత్తాడు."

"సరేలే నాన్నా, తర్వాత మారుస్తాను."

అక్కడికి అయిపోయింది. ఆమె మార్చలేదు. విన్నది మరిచిపోతారు గాని రాసింది ఉండిపోతుందని, తండ్రి తప్పు ఊరంతా చదవడం ఇష్టం లేక అలాగే వదిలేసింది, ఆ తర్వాత మరిచిపోయింది.

నాగదుర్గ చాలాసేపు ఏడ్చింది. పాపాయి కొంగుతో ఫోన్ అద్దం తుడుస్తూ కూర్చుంది. తర్వాత నాగదుర్గ ముఖం కడుక్కొచ్చి, ఆ శీర్షిక కింది ఖాళీలో తండ్రి మాటలు ఆయన అన్నవి అన్నట్టే ఎక్కించింది. ఒకటికి రెండుసార్లు చదువుకుంది. అప్పుడు తన ఫోన్ తీసి గ్రూపులో మాట్లాడింది.

"అందరికీ నమస్కారమండి, నాగదుర్గను. వీరాస్వామి గారు బ్యాటరీ తీసుకెళ్లిన మాట నిజమే. కరెంటు పోయిన మాటా నిజమే. కానీ నకలు ఉండుంటే ఏమీ పోయేది కాదండి. అది లేకపోడానికి ఆయన కారణం కాదు, కరెంటూ కారణం కాదు. ఆపొద్దని కిరణ్ గారు చెప్పినా, రోజూ సాయంత్రం మెయిన్ ఆపేసి వెళ్లింది నేనే."

రికార్డు బటన్ మీంచి వేలు తీసింది. పక్కనే పాపాయి ఫోన్ టింగుమంది.

"వచ్చేసింది," అంది పాపాయి, ఫోన్‌ను మళ్లీ కవర్లో చుట్టుకుంటూ. "నువ్వు చెరిపినా నా దాంట్లో ఉండిపోద్ది, చూసుకో మరి."

"ఉండనీ అత్తా," అంది నాగదుర్గ.