దుమ్ములో ముడుచుకున్న గొలుసు

మంథని నుంచి గోదావరిఖనికి వచ్చి, ఓ జూనియర్ కాలేజీలో బయాలజీ లెక్చరర్‌గా చేరిన కొత్తలో జరిగిందిది. అమైనో ఆమ్లాల గొలుసు తనంతట తానే ముడుచుకుని, పనిచేసే ప్రొటీన్ అవుతుందని ఎంత చెప్పినా మా క్లాసు అమ్మాయిలకు ఎక్కలేదు. వాళ్లను గ్రౌండులోకి తీసుకెళ్లి, చేతులు పట్టుకుని గొలుసులా నిలబడమన్నాను. "నీళ్లు పడని ఆమ్లాలు లోపలికి పోతాయి, పడేవి బయట ఉంటాయి" అంటూ ఒక్కొక్కరికీ చోటు చూపించాను. అంతా చిక్కుపడింది. "చేతులు వదిలితే మార్కులు తీసేస్తా" అని కసిరాను.

కాలేజీకి దగ్గర్లోని ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ వేళయిందని నాకు తట్టనేలేదు. సైరన్ మోగింది, నేల అదిరింది. కాసేపటికి గాలివాటుకు దుమ్ము మా మీదికొచ్చింది. ఆయాసం ఉన్న షబానా గొలుసు చివర్న ఉంది. "క్లాసులోకి పరుగెత్తండి" అని అరిచాను.

"ఉరికితే దానికి దమ్ము ఎక్కువైతది మేడం, ఆగుండ్రి" అంది షబానా చెయ్యి పట్టుకున్న రజిత నెమ్మదిగా.

గొలుసు దానంతటదే చుట్టుకుంది. దుమ్ము పడనివాళ్లు నడిమికి చేరారు. ముఖాలకు స్కార్ఫులున్నవాళ్లు గాలికి వీపులిచ్చి చుట్టూ నిలబడ్డారు. గొలుసు చివర్లలో ఖాళీగా ఉన్న చేతులతో నన్ను కూడా షబానా పక్కకు లాగేశారు.

దుమ్ము సర్దుకుంది. షబానా మామూలుగానే ఊపిరి తీసుకుంటోంది. చూస్తే ఎవరి చేతులూ విడిపోలేదు.

"ఇంకా వదల్లేదేంటే?" అన్నాను.

"ఇడిస్తే మార్కులు తీసేస్తనంటిరి గద మేడం" అంది రజిత.

ఇప్పటికీ ఆ పాఠంలో 'తనంతట తానే' అన్న మాట రాగానే, నన్ను లోపలికి లాగిన ఆ చేతులే గుర్తొస్తాయి.