బందు రోజు బండి కిరాయి

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను జామకాయలు అమ్మిన బండి నాది కాదు. ఆ వరుసలో ఎవరి బండీ వాళ్లది కాదు. అన్నీ ఒకాయనవే. ఆయన్ని మేమంతా పటేలా అని పిలిచేవాళ్లం. సాయంత్రమైతే వచ్చి ఏ రోజు కిరాయి ఆ రోజు పట్టుకుపోయేవాడు. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని, తిప్పితిప్పి రాయడం నాకు చేతకాదు. పటేల్ మంచివాడే, కిరాయి దగ్గర తప్ప.

తెలంగాణ ఉద్యమం రోజులవి. వారం తిరిగితే ఏదో ఒక బందు. బందు రోజు కాయ అమ్ముడుపోదు, అసలు బండే కదలదు. కిరాయి మాత్రం కట్టాలి.

"బండి నీ తాననే ఉన్నది గదక్కా. అమ్ముకుంటవో, చూసుకుంట కూసుంటవో నీ ఇష్టం," అనేవాడు.

అప్పుడే బండ్లవాళ్లం సంఘం పెట్టుకున్నాం. అధ్యక్ష పదవికి పటేల్ నిలబడ్డాడు. బందు రోజు కిరాయి ఎత్తేయిస్తానని ఆయన మీద నేను నిలబడ్డాను. చేతులెత్తమంటే ఆయన ముందు ఎవరూ ఎత్తరు. అందుకని నాకైతే చింతగింజ, ఆయనకైతే పల్లీ గింజ డబ్బాలో వేయించాం. పల్లీలు తక్కువ పడ్డాయి. తనకు పడాల్సినవి దారిలోనే తినేశారని పటేల్ ఇప్పటికీ అంటాడు.

నా దగ్గర రోజూ కాయ కొనే కోస్తా మాస్టారు ఒకాయన ఉండేవాడు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. నేను గెలిచానంటే నవ్వాడు.

"సంతోషమేనండీ. కానీ ఓట్లతో కుర్చీ మారుతుంది గానీ ఆస్తి మారదు. మళ్లీ బందొస్తే కిరాయి కట్టరేమో చూద్దాం."

కట్టాల్సి వచ్చింది. "అధ్యక్షురాలివి నువ్వే అక్కా, కాదన్ననా? బండి నాది," అన్నాడు పటేల్.

ఆ తర్వాతి బందుకు ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండుకుని తిని నిరసన తెలపడం. సంఘం బండ్లన్నీ తోసుకు రమ్మన్నాను. చౌరస్తాకు అడ్డంగా నిలబెట్టి, వాటి మీదే ఉల్లిగడ్డలు కోయించాను. నా బండి మీదికి పప్పు గుండిగ ఎక్కించాను. పటేల్ చంపాపేట్ నుంచి ఉరుక్కుంటూ వచ్చాడు.

"చక్రాలు ఇరుగుతయ్ అక్కా. జల్ది తీయించు."

మైకు ఆయన చేతికిచ్చాను. "గా ముచ్చట మైకుల చెప్పు పటేలా. తెలంగాణకు బండ్లియ్యనని."

ఆయన మైకును చూశాడు, జనాన్ని చూశాడు. "బండ్లన్ని నాయే. తెలంగాణకు ఇచ్చిన," అన్నాడు. చప్పట్లు మోగాయి.

"మరి ఇయ్యాల్టి కిరాయి?" అన్నాను, మైకుకు దగ్గరగా వంగి.

"బందు రోజు కిరాయి లేదు," అన్నాడు. ఆ మాట అనేసి పప్పన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

మర్నాడు మాస్టారికి చెప్పాను. "ఇది ఓటు వల్ల వచ్చిందంటారా, రోడ్డెక్కితే వచ్చిందంటారా?" అన్నాడు.

"ఓటెయ్యకపోతే నా ఎన్క ఎవరొస్తరు సారూ? రోడ్డెక్కకపోతే పటేల్ ఎందుకింటడు?"

ఆయన కాయ కొరికి, ఇంకొకటి ఏరుకున్నాడు.

రాష్ట్రం వచ్చింది. బందులు ఆగిపోయాయి. మాకు దక్కిన ఒక్క లాభమూ వాటితోనే పోయింది. "ఇచ్చిన మాట తప్పలే గదక్కా," అని పటేల్ నవ్వుకుంటూ రోజూ కిరాయి పట్టుకుపోయేవాడు.

ఒక సాయంత్రం కిరాయి చేతిలో పెడుతూ చెప్పాను. "సోమారం బందు పటేలా. సంఘంల అనుకున్నం."

"రాష్ట్రమొచ్చె గదక్కా. ఇంక దేనికోసం బందు?"

"పేరింక పెట్టలే," అన్నాను.