చెవి విరిగిన పానకం జాడీ

నాకు కుళ్లు ఎక్కువ. ఈ వయసులో కాబట్టి ఒప్పుకుంటున్నాను గాని, బోధన్‌లో ఉన్న రోజుల్లో ఈ మాట ఎవరైనా అని ఉంటే జన్మలో వాళ్లతో మాట్లాడి ఉండేదాన్ని కాదు.

రాష్ట్రం ఒకటైన నాలుగైదేళ్లకు మా ఆయనకు అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు బళ్లు తూచే కాటా దగ్గర గుమాస్తా పని దొరికింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. గోదావరి కాలువ గట్టున ఉన్న పల్లెటూరు నుంచి రెండు ట్రంకు పెట్టెలతో వచ్చి పడ్డాను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు, మా పెళ్లికి ముందు ఏడు అమ్మ పోయింది. అమ్మ పోయాక పుట్టిల్లు అన్నయ్యది, అంటే వదినది. రైలెక్కించేటప్పుడు అన్నయ్య "ఉత్తరాలు రాస్తూ ఉండవే" అన్నాడు. వదిన అది కూడా అనలేదు.

మేం దిగిన ఇల్లు పాత్రలకు కలాయి పూసే సాయిబుగారిది. వాకిలి ఒకటే, వాటాలు మూడు. ముందు వాటాలో ఇంటివాళ్లు, వెనక రెండు వాటాల్లో అద్దెకు మేమూ, మా పక్కన ఇంకో జంట. ఇంటావిడను వాడంతా ఖాలా, అంటే పిన్ని, అనేవారు. నేనూ అలాగే పిలిచాను. పక్కవాటా ఆవిడ భర్త ఫ్యాక్టరీ ల్యాబులో పని చేసేవాడు. వాళ్లు మాకంటే రెండేళ్ల ముందే వచ్చారు. ఆవిడదీ గోదావరి జిల్లానే. మా ఊరికి రెండు లాకుల అవతల. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద కాబట్టి అక్కయ్యగారూ అనేదాన్ని. మన పక్కవాళ్లు దొరికారని మొదటి నాలుగు నెలలూ ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఆ సంబరం మార్గశిరం రాగానే చచ్చింది.

ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు మొదలైంది. ఊరంతా ఉడుకుతున్న చెరుకు వాసన. ఆరేసిన చీరల్లో కూడా అదే వాసన. ఆ రోజుల్లో ఒక పొద్దున పక్కవాటాలోంచి దిబ్బరొట్టె వాసన వచ్చింది. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపి, మందపాటి గిన్నెలో నూనె పోసి, సన్నటి సెగ మీద గంటసేపు కాల్చే రొట్టె. పైన ఎర్రటి పెచ్చు, లోపల మెత్తన. దాన్ని తుంచి చెరుకు పానకంలో ముంచుకుని తినాలి. బెల్లం కాదు, బెల్లం కావడానికి ముందే పొయ్యి మీంచి దింపేసిన పానకం. తేనెలా జారుతుంది, కొంచెం పులుపు, కొంచెం పొగ వాసన. చలికాలం మా అమ్మ మాకు వేరే టిఫిను పెట్టేది కాదు.

పక్కావిడ ఒక ముక్క ప్లేటులో పెట్టి, చిన్న గిన్నెలో పానకం పోసి తెచ్చింది.

"తినమ్మా. మా నాన్నగారు పంపించారు."

వాళ్ల గడపలో ఉన్న జాడీ చూశాను. గోధుమరంగూ తెలుపూ, ఒక చెవి విరిగి ఉంది. మూతికి తెల్ల గుడ్డ, గుడ్డ చుట్టూ పురికొస, నడిమధ్య పసుపు బొట్టు. ఎవరో తెలిసినవాళ్లు రైల్లో తెస్తే వాళ్లాయన స్టేషన్‌కి వెళ్లి అందుకున్నాడట. రొట్టె తిన్నాను. ఎంత బావుందంటే కన్నీళ్లొచ్చాయి. ఆవిడ నా కన్నీళ్లు చూసి, అమ్మ గుర్తొచ్చిందా అని అడిగింది. అమ్మ గుర్తొచ్చిన మాట నిజమే. కానీ ఏడ్చింది ఆ పసుపు బొట్టు చూసి. ఎవరో పెద్దాయన ఎక్కడో కూర్చుని, కూతురికని, జాడీకి బొట్టు పెట్టి పంపుతున్నాడు. నాకేం తక్కువ?

ఆ చలికాలమంతా వారానికోసారి ముక్క వచ్చేది. ముక్కతో పాటు "మా నాన్నగారు పంపించారు" అన్న మాటా వచ్చేది. ముక్క ఒక్కటే వస్తే బాగుండుననుకునేదాన్ని.

అన్నయ్యకు రాశాను. ఇక్కడ చలి బాగా ఉంది, పానకం తినాలని ఉంది, ఎవరైనా ఇటు వస్తే ఒక చిన్న సీసాడు పంపించమని. కార్డు వచ్చింది. అందరూ క్షేమం, గేదె ఈనింది, వర్షాలు లేవు. పానకం ఊసే లేదు. మళ్లీ రాశాను. ఈసారి కార్డు కూడా రాలేదు.

ఒకరోజు పంపు దగ్గర ఖాలా అడిగింది. "ఆమెకు ఏటేటా జాడీ వస్తది గదా. నీకు తల్లిగారోళ్లు ఏం పంపరా బిడ్డా?"

అక్కడ పుట్టింటిని తల్లిగారిల్లు అంటారు. నా ముఖం చూసి ఖాలా నాలుక కరుచుకుంది. నేను బిందె నిండకుండానే ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఊరు ఊరంతా చెరుకే కదా, నా పానకం నేనే సంపాదించుకుంటాను, ఆవిడ గిన్నె ఇక ముట్టనని.

అంత తేలిక కాదని తర్వాత తెలిసింది. నిజాంసాగర్ కాలువ కింద పండిన చెరుకంతా బళ్లకెక్కి ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరేది. బెల్లం వండే గానుగ దగ్గర్లో ఎక్కడా లేదు. బెల్లం కరిగించి చూశాను. అది బెల్లం నీళ్లే. మా ఆయన్ని వేధిస్తే, పాపం, ఫ్యాక్టరీలో ఎవరినో బతిమాలి ఒక డబ్బా తెచ్చాడు. నల్లగా, చిక్కగా ఉంది. ఆత్రంగా వేలు ముంచి నాకాను. చేదు. అది చక్కెర తీసేశాక మిగిలే మడ్డి. పశువుల దాణాలో కలుపుతారట. నేను ఉమ్ముకుంటుంటే పక్కావిడ గడపలో నిలబడి పడీపడీ నవ్వింది. మధ్యాహ్నం ఒక ముక్క పంపింది. తినకుండా ఆవుకు పెట్టాను. పెట్టి, ఆవు తింటున్నంతసేపూ చూస్తూ నిలబడ్డాను.

సెలవు రోజున నిజామాబాద్ వెళ్లి బజారంతా తిరిగాం. జిలేబీలున్నాయి, ఖోవా ఉంది, నాకు కావలసింది లేదు. ఒక మిఠాయి కొట్టాయన నేను చెప్పింది ఓపికగా విని, "గిసోంటిది రోగమొచ్చినోళ్లకు ఇస్తరా అమ్మా?" అని అడిగాడు.

రెండో చలికాలం వచ్చింది. జాడీ వచ్చింది. బొట్టు వచ్చింది. నేను మాత్రం ఊరికే ఉన్నానా? రొట్టె అయినా సరిగ్గా కాల్చడం నేర్చుకుందామని కూర్చున్నాను. నిప్పుల దగ్గరికి వెళ్తే జడ కాలుతుందని అమ్మ నన్నెప్పుడూ పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు, అందుకే నాకు తినడమే వచ్చు. అట్టులా తిరగేస్తే నా రొట్టె ప్రతిసారీ నాలుగు చెక్కలయ్యేది. ఖాలా గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వెళ్లి ఒక బరువైన ఇనుప మూత తెచ్చింది. గిన్నె మీద పెట్టి, మూత మీద చారెడు నిప్పులు పోసింది.

"మా బిర్యానీకి గిట్లనే పెడ్తం. కిందా మీదా సెగ ఉండాలె. తిరగెయ్యొద్దు. ఊకె మూత తీసి సూడొద్దు."

ఆ రోజు రొట్టె అచ్చం అమ్మ చేతిలోంచి వచ్చినట్టు వచ్చింది. పెచ్చు చూసి గంతులేశాను. ముంచుకోవడానికే ఏమీ లేదు. రొట్టె ఎలా ఉండాలో, ఎందులో ముంచాలో ఖాలాకు చెప్పాను. ఆవిడ చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది.

"కాక్వీ అంటరు మరాఠోళ్లు. సోమారం అంగడికి వస్తది ఒకామె, కందకుర్తి అవతలికెళ్లి. పోదాం పా."

కందకుర్తి దాటితే మహారాష్ట్రే. సోమవారం సంతకు వెళ్లాం. అంగడి చివర, మరాఠీ వాళ్లు కూర్చునే వైపు, తొమ్మిది గజాల చీర కట్టుకున్న ఒకామె పెద్ద రేకు డబ్బా ముందేసుకుని ఉంది. నేను అదే దారిలో ఎన్నిసార్లు కూరగాయలు కొనుక్కున్నానో. ఆ డబ్బాలో ఉన్నది నూనె అనుకున్నాను. గరిటెతో ఎత్తి పోసి చూపించింది. తీగలా జారింది. అరచేతిలో ఒక చుక్క వేసింది. నాకిన క్షణం అంగడిలో ఉన్నానన్న సంగతి మరిచిపోయాను.

నేను తీసుకెళ్లిన గిన్నె చూసి ఆమె నవ్వింది. మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడింది. "ఇది చాలదు బాయీ. మీ దిక్కు బాయి ఒకామె పెద్ద జాడీ తెస్తది. చెవి విరిగిన జాడీ. మూడేండ్ల సంది నా దగ్గరనే. ఆమె పోయించుకుంటది, ఆయన సైకిల్ పట్టుకొని నిలబడతడు."

ఖాలా నా మోచెయ్యి పట్టుకుంది. "అయింది గదా. పా బిడ్డా, ఎండైతాంది."

దారి పొడుగునా నాకు నవ్వు ఆగలేదు. తెల్ల గుడ్డా, పురికొసా, పసుపు బొట్టూ! అన్నీ ఆవిడే కట్టుకుని, ఆవిడే పెట్టుకుని! రెండేళ్లు నన్ను కుళ్లబెట్టిన జాడీ అంగడి జాడీ! ఖాలాకు ముందే తెలుసని ఆవిడ ముఖం చూస్తే అర్థమైంది.

వాకిట్లోకి వచ్చాక ఖాలా ఒకటే మాట అన్నది. "గది నీకెందుకు బిడ్డా. నీకు కావలసింది దొరికింది. తిను."

నేను వినే రకమైతే ఇంత కథ లేదు. మర్నాడు పొద్దున్నే రొట్టె కాల్చాను. పక్కావిడను పిలిచి, పీట వేసి, ప్లేటు పెట్టి, గిన్నె నిండా పానకం పోశాను. రెండేళ్లుగా ఆవిడ నాకు పెట్టింది చిన్న గిన్నెలో కాబట్టి నేను కావాలనే పెద్ద గిన్నె పెట్టాను. ఆవిడ రొట్టె తుంచి, ముంచి, నోట్లో పెట్టుకుంది. ఆగిపోయింది.

"ఎక్కడిదమ్మా?"

రాత్రంతా మనసులో వల్లెవేసుకున్న మాట అన్నాను. "మీ నాన్నగారు పంపించిందే అక్కయ్యగారూ. కందకుర్తి అవతల నుంచి వచ్చింది."

ప్లేటు తోసేసి లేచిపోతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ నోట్లో ఉన్నది నమిలింది, మింగింది. ఇంకో ముక్క తుంచింది. రొట్టె మొత్తం నిదానంగా తిని, అప్పుడు మాట్లాడింది.

"నాన్న పోయి మూడో ఏడు. మేం వచ్చిన మొదటి ఏడు ఒక్కసారే పంపించారు. జాడీ మాత్రం అదే, రైల్లోనే చెవి విరిగింది. ఆ తర్వాత అన్నయ్యలు ఇల్లు పంచుకున్నారు. ఎవర్నని అడగను? పంపేవాళ్లు లేరంటే అందరూ జాలి పడతారు. జాలి నాకు అరగదమ్మా." పీట మీంచి లేస్తూ, "రొట్టె నాకంటే నువ్వే బాగా కాల్చావు" అన్నది. ప్లేటు తనే పంపు దగ్గరికి తీసుకెళ్లి కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

సిగ్గుపడ్డాను. కానీ అబద్ధం చెప్పను, సిగ్గుతో పాటు ఇంకొకటి కూడా ఉంది. పంపేవాళ్లు లేకపోతే, పంపారని చెప్పుకోవచ్చునని నాకెందుకు తోచలేదు? నేను కార్డులు రాసి రాసి, పోస్టుమాన్ సైకిల్ గంటకు వాకిట్లోకి పరిగెత్తి పరిగెత్తి అలిసిపోతుంటే, ఆవిడ హాయిగా ఒక గుడ్డ కట్టి, బొట్టు పెట్టి, తండ్రిని బతికించుకుంది. ఆ అబద్ధాన్ని చూసి కూడా కుళ్లుకున్నాను.

ఆ తర్వాత పలకరింపులు తగ్గాయి. ముక్కలు రావడం మానేశాయి. ఆవిడకు ఏదైనా చేయాలి, ఎలాగైనా సరిచేయాలి అని ఏడాదంతా అనుకుంటూనే ఉన్నాను. ఏం చేయాలో మాత్రం తట్టలేదు.

మూడో మార్గశిరం. పొద్దున పంపు దగ్గర ఖాలా, నేను, ఎదురింటి ఇద్దరు ఆడవాళ్లు ఉన్నాం. పక్కావిడ తన వాటాలోంచి రెండు చేతులతో ఒక జాడీ పట్టుకుని వచ్చింది. కొత్త జాడీ. రెండు చెవులూ ఉన్నాయి. మూతికి తెల్ల గుడ్డ, పురికొస, పసుపు బొట్టు.

"మీ అన్నయ్యగారు పంపించారమ్మా" అన్నది, అందరికీ వినపడేలా. "నిన్న మావారు స్టేషన్‌కి వెళ్తే మీ ఊరివాళ్లెవరో అందించారట. ఆలస్యమైందని ఏమనుకోవద్దన్నారట."

ఎదురింటావిడ బిందె కింద పెట్టి, "మస్తు పెద్దగున్నది జాడీ!" అన్నది.

ఖాలా పళ్లపొడి ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుని, నా వైపు చూడకుండానే అన్నది. "నీ అన్న మంచోడు బిడ్డా. జర లేటైనా యాది చేసిండు."

అందుకున్నాను. బరువుగా ఉంది. "మా అన్నయ్య ఎప్పుడూ ఇంతే, చెప్పకుండా పంపుతాడు" అన్నాను. ఆవిడ తల ఊపి తన బిందె తీసుకుంది.

లోపలికి వచ్చి తలుపు వేసుకుని బొట్టు మీద వేలు పెట్టాను. తడి ఇంకా ఆరలేదు. ఏడుస్తూ పురికొస విప్పాను. ఏడాదంతా వెతికినా నాకు దొరకని ఉపాయం ఆవిడకు దొరికింది. ఆ మంచితనం కూడా నాకంటే ముందు ఆవిడకే తోచిందని, రొట్టె కాల్చుకుని, ముంచుకుని తింటున్నంతసేపూ కుళ్లుకుంటూనే ఉన్నాను.