ఇంకో మాట చెప్పు

కారంపూడిలో మా చిల్లర కొట్టుకు ఒకావిడ వచ్చేది. ఏ సరుకు ధర చెప్పినా "ఇంకో మాట చెప్పు" అని కళ్లార్పకుండా చూసేది. బేరాల్లోనే పుట్టి పెరిగానని విర్రవీగే నేను, ఆ చూపుకే ధర దించేసేవాణ్ణి.

ఆమె భర్త పెద్దకర్మకు సరుకులు దింపడానికి వెళ్లాను. భోజనాలవేళ ఆమె మరిది ఉన్నట్టుండి ఊగిపోతూ, అచ్చం చనిపోయినాయన గొంతుతో, "ఏమే, ఇల్లు తమ్ముడికి రాసియ్యి" అన్నాడు. అన్న మీదికొచ్చాడని అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను, ఆ గొంతు నాకూ తెలుసు మరి.

ఆమె మాత్రం ఎదురుగా కూర్చుని, "ఇంకో మాట చెప్పు" అంది.

"రాసియ్యకపోతే ఊరుకోనే!"

"ఏమే, ఒసేయ్ అని ఎవడైనా అంటాడు. ఇంట్లో నన్ను ఏమని పిలిచేవాడివో, ఆ మాట చెప్పు."

ఊగడం ఆగిపోయింది. మరిది చుట్టూ ఉన్నవాళ్ల మొహాల వంక చూశాడు.

"ఇల్లు నాది. ఎవరికీ రాయను," అందామె నిదానంగా. "అయినా ఆయన నీ మీదికి రావడమేంది? ఇంట్లోనే ఉన్నాడుగా."

ఇల్లు ఆమెకే మిగిలింది. ఆ తర్వాత కూడా కొట్టుకొచ్చి ఉప్పుకు సైతం బేరమాడేది. చివర్లో మాత్రం ఆయన తాగే రకం బీడీకట్ట అడిగి, చెప్పిన ధర ఇచ్చేసేది.

ఎవరికని నేనెప్పుడూ అడగలేదు.