మేడ మీద ఆరబెట్టిన ఫొటోలు

జనగామలో మా ఫొటో స్టూడియో స్టేషన్ రోడ్డు మీదుండె. ఫొటోలు తీసుడు మా ఆయన పని, ప్రింట్లు వేసుడు నా పని. తెలంగాణ కోసం రైలు పట్టాల మీద కూసున్నోళ్లను పోలీసులు కొట్టిన రోజు ఆయన తీసిన ఫొటోలన్నీ ఇంక్‌జెట్ మీద నలుపు తెలుపుల వేసిన. దీక్షా శిబిరంల వేలాడదీద్దామనుకున్నం. రంగుల్లో అయితే చూసేటోళ్ల కన్ను నెత్తురు మీదనే ఆగుతది, మొఖాలు చూడరని మా ఆయన అన్నడు.

ఆ ప్రింటును ఉత్తగ వదిలేస్తే చినుకు పడ్డా సిరా కారుతది. పక్క నుంచి చూస్తే నలుపు ఇత్తడి రంగు కొడతది. అందుకే పైన మెరిసే వార్నిష్ కొట్టాలె. పలుచగ కొట్టి, ఆరనిచ్చి, మళ్లీ కొట్టాలె. ఆ పొద్దున మేడ మీద ప్రింట్లు పరిచి, స్ప్రే డబ్బా ఊపుకుంట కొడుతున్న. పక్క దుకాణం దర్జీ భార్య వచ్చి కూసున్నది. పట్టాల మీద ఆమె భర్త నెత్తి పగిలింది, ఇంకా దవాఖానలనే ఉండె. ఆయన ఫొటో చూడొచ్చింది.

"ముట్టకు అక్కా, ఇంక ఆరలే," అన్న.

"ముట్టను లే చెల్లె. జర చూడనీ," అన్నది.

అప్పుడే కింద అద్దాలు పగిలిన సప్పుడైంది. ఊరేగింపును తరుముకుంట వచ్చిన పోలీసులు స్టూడియో లోపలికి జొరబడ్డరు. లాఠీ దెబ్బలు, వెంటనే మా ఆయన కేక వినపడ్డయి. ఒక పోలీసు మెట్లెక్కి వచ్చి ప్రింట్లను బూటుతో తొక్కుడు మొదలుపెట్టిండు.

"ఎవడు తీసిండే వీటిని?"

చేతిలున్న డబ్బాతో వాడి హెల్మెట్ అద్దం మీద నిండుగ కొట్టిన. అద్దం మసకబారింది. ఏం కనపడక వాడు లాఠీ ఎటు పడితే అటు తిప్పిండు. ఒక దెబ్బ నీళ్ల ట్యాంకుకు తగిలింది, ఇంకోటి నా మణికట్టుకు. ఎముక విరిగిన సప్పుడు నాకే వినపడ్డది. కింద పడ్డంక వీపు మీద, తొడల మీద కొడుతనే ఉన్నడు.

ఆ సందు చూసుకొని దర్జీ భార్య మిగిలిన ప్రింట్లను ఏరి, బురఖా కింద పెట్టుకొని మెట్లు దిగింది. ఆమెను ఎవరూ ఆపలే.

మా ఆయనను జీపుల ఎత్తుకపోయిన్రు. విడిచిపెట్టినంక ఆయనకు ఎడమ చెవి మళ్లీ వినపడలే. నేను చేతికి కట్టుతోని శిబిరానికి పోతే, ఫొటోలు తాడుకు వేలాడుతున్నయి. పచ్చిగున్నప్పుడే ఒకదానికొకటి అంటుకున్నయి, విడదీస్తే కొన్ని మొఖాలు ఊడొచ్చినయి. దర్జీ ఫొటోల ఒక కన్ను లేదు.

"ఇంకోటి వేసిస్త అక్కా," అన్న.

"వద్దు. మా ఆయన లేచి నడుస్తున్నడు, గదే చాలు. ఫొటో గిట్లనే ఉండనీ, ఏం జేసిన్రో నలుగురు చూస్తరు," అన్నది.

చాప మీద జరిగి నాకు చోటిచ్చింది. సాయంత్రం దాకా ఇద్దరం ఆడనే కూసున్నం.