ఎవరి బుక్క వాళ్లది

నవ్వు మధ్యలో ఆగిపోయింది. మా పెద్దది కోడిపుంజులా కూసి చూపిస్తుంటే నాలుగేళ్ల చిన్నోడు పడీపడీ నవ్వుతున్నాడు. ఉన్నట్టుండి శబ్దం లేదు. పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూశాను. వాడి నోరు నవ్వుతున్నట్టే తెరుచుకొని ఉంది, కళ్లు మాత్రం నవ్వడం లేదు. రాగిసంగటి తినిపిస్తున్న మా అత్త చెయ్యి ఇంకా వాడి నోటి ముందే ఉంది.

వాణ్ణి లాక్కొని ముందుకు వంచి, వీపు మీద గట్టిగా చరిచాను. సంగటి ముద్ద, దాంతోపాటు పచ్చడిలో నలగని చెనక్కాయ బద్ద ఒకటి కింద పడ్డాయి. వాడు ఏడ్చాడు. పిల్లల ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

నేను డోన్‌లో జొన్నరొట్టె తుంచుకొని, నమిలి తింటూ పెరిగాను. పెళ్లయి రాయచోటికి వచ్చిన కొత్తలో సంగటిని కూడా అట్లే నమిలాను. అత్త పక్కింటివాళ్లను కేకేసింది. "రాండి, చూద్దురు! మా కోడలు సంగటి నములుతాండాది! పండ్లకేం పనుండాది తల్లీ, మింగల్ల!"

నోటికి పట్టినంత ముద్దను ఇక్కడ బుక్క అంటారు. వేడి సంగటిలో బుక్క తీసి, బొటనవేలితో గుంట నొక్కి, చెనక్కాయల పచ్చడి అద్ది గుటుక్కున మింగడమే. ఇంటికి ఎవరొచ్చినా "ఒక బుక్క తిని పో" అంటుంది అత్త. అప్పుడు బుక్క అంటే కడుపునిండా భోజనం. చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు నాకు నీళ్లు కూడా ఇమిడేవి కావు. "ఒక్క బుక్కమ్మా, ఒక్కటే" అంటూ నా నోట్లో ముద్ద పెట్టింది ఆ చెయ్యే.

ఆ చేతినే ఇప్పుడు ఆమె కడిగేసుకుంది. "ఇంగ నేను పెట్టనమ్మా. నా చేతి బుక్క చేన్లో కష్టం చేసేటోళ్లకు సరి. నువ్వే స్పూనుతో పెట్టుకో."

నిజం చెప్పాలంటే, నాకు ప్రాణం కుదుటపడింది. కానీ సాయంత్రం చిన్నోడు స్పూను విసిరేసి, "జేజి పెడితేనే తింటా" అన్నాడు.

"నాకు భయమైతాంది నాయనా," అంటూ మా అత్త గోడవైపు తిరిగి కూర్చుంది. తనూ తినలేదు.

ఆ రాత్రి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ పడుకున్నాను. బుక్క అంటే తినేవాళ్ల నోరు పట్టినంతే కదా. వాడి నోరెంతో మేమెవరమూ చూడలేదు. అంతమాత్రానికి ఆ చెయ్యి పిల్లలకు దూరం కావాలా?

పొద్దున ఇద్దరినీ పిలిచి చెప్పాను.

"జేజి దగ్గరికి పోండి. ఎంత బుక్క కావాలో మీరే వేలితో చూపించండి. పెద్దదైతే సగం చెయ్యమనండి. బాగా నమలండి, నోట్లో ఉన్నప్పుడు నవ్వగాకండి. పెట్టనంటే మాత్రం, నోరు తెరుచుకొని ఆడ్నే కూర్చోండి."